ఫోన్ వదలని కొడుకు గేమ్ డిజైనర్ అవుతాడా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. బత్తాయి తోట ఉంది. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్. చేతిలో ఫోన్ ఉంటే అన్నం సంగతే గుర్తుండదు. గట్టిగా అడిగితే గేమ్ డిజైనర్ అవుతానంటాడు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది కోర్సుకు 3 లక్షలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఇంటర్ మాన్పించి అందులో చేర్చమని వాడి గోల. ఆన్‌లైన్ రమ్మీలో మునిగినవాళ్లను మా ఊళ్లో చూశాం. ఇదీ అలాంటిదేనా?

జవాబు: ముందు ఆ 3 లక్షలు మీ దగ్గరే ఉండనివ్వండి. ఇంటర్ మాత్రం మాన్పించకండి.

రమ్మీ భయం పక్కన పెట్టండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మామూలు వీడియో గేములు తయారుచేసే పని వేరు, దానికి ఆ చట్టం అడ్డు కాదు.

అసలు సంగతికి వద్దాం. గేమ్‌లో బొమ్మలు వేసేది ఆర్టిస్టులు, కోడ్ రాసేది ప్రోగ్రామర్లు. ఆటకు రూల్స్ పెట్టేది, ఎక్కడ కష్టం పెంచాలో ఎక్కడ తగ్గించాలో తేల్చేది డిజైనర్. ఆడటంలో మొనగాడైనంత మాత్రాన ఆ పని వస్తుందని లేదు. బిర్యానీ ఇష్టంగా తినేవాళ్లంతా దమ్ పెట్టలేరు కదా.

వాడికి ఆ పని పడుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. గుడి అరుగు మీద పులి-మేక ఆడేవాళ్లను మీరు చూసే ఉంటారు. 3 పులులు, 15 మేకలు. నా దగ్గరికొచ్చే పిల్లలకు సుద్దముక్కతో ఆ పటం గీసి, చింతగింజలిచ్చి, ఒక్క రూల్ మార్చి ఆడమంటాను. చాలామంది రెండాటలకే విసిగి ఫోన్ తీస్తారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం మేకల్ని 12 చేసింది. పులులే గెలుస్తున్నాయని ఒక పులిని తీసేసింది. ఈసారి మేకలదే పైచేయి. మళ్లీ మేకల్ని తగ్గించింది. ప్రతి ఆటా నోట్‌బుక్‌లో రాసుకుంటూ మధ్యాహ్నం భోజనం మరిచిపోయింది. గేమ్ కంపెనీల్లో దీన్నే బ్యాలెన్సింగ్ అంటారు. మీవాడు ఆడుతూ అన్నం మరిచిపోతున్నాడు, ఇలా రూల్స్ మారుస్తూ మరిచిపోతాడేమో చూడండి.

మరిచిపోతే అప్పుడు కంప్యూటర్. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు. గోడో అనే ఇంజిన్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. 3డీ బొమ్మలకు బ్లెండర్ కూడా ఉచితమే. కంపెనీల్లో ఎక్కువగా వాడే ఇంజిన్లలో యూనిటీకి సీ షార్ప్, అన్‌రియల్‌కు సీ ప్లస్ ప్లస్ అనే కోడింగ్ భాషలు రావాలి. అవి తర్వాత నేర్చుకోవచ్చు. ఎండాకాలం సెలవుల్లోగా ఒక్క చిన్న గేమ్, ఐదు నిమిషాల్లో ఆడేసేదైనా సరే, మొదలుపెట్టి పూర్తిచేయమనండి. పూర్తిచేయడమే కష్టం. సగంలో ఆపిన గేములు చాలామంది ల్యాప్‌టాప్‌లలో పడి ఉంటాయి.

చదువుకు రెండు దారులున్నాయి. ఎంపీసీ కాబట్టి ఎప్‌సెట్ రాసి బీటెక్ కంప్యూటర్స్‌లో చేరి, పక్కన గేములు చేసుకోవడం ఒకటి. గేమ్ రంగం కలిసిరాకపోయినా చేతిలో డిగ్రీ ఉంటుంది, అందుకే నా మొగ్గు దీనికే. బొమ్మలు బాగా గీస్తాడంటే రెండోది డిజైన్ డిగ్రీ. యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల బీడిజైన్ ఉంది. గేమ్ డిజైన్‌లోనే పీజీ కావాలంటే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో ఉంది, అది డిగ్రీ అయ్యాకే.

ఉద్యోగాలంటారా, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, బెంగళూరులో రాక్‌స్టార్, పుణెలో యూబీసాఫ్ట్ స్టూడియోలున్నాయి. ఒక మాట దాచకుండా చెప్తాను. ఫ్రెషర్‌ని నేరుగా డిజైనర్‌గా తీసుకోవడం తక్కువ. టెస్టర్‌గానో ప్రోగ్రామర్‌గానో చేరి అటు మళ్లినవాళ్లే ఎక్కువ. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ముందు నువ్వు చేసిన గేమ్ చూపించమంటారు.

ఇక ఆ ఇన్‌స్టిట్యూట్. అప్పు చేసి ఇలాంటి కోర్సు చేసిన ఒకబ్బాయి నా దగ్గరికొచ్చాడు. ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ ఉంది, చూపించడానికి ఒక్క గేమ్ లేదు. మీరు బత్తాయి అంట్లు కొనేటప్పుడు రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టారా, జంబేరి నిమ్మ వేరు మీద కట్టారా అని అడగకుండా డబ్బు ఇస్తారా? అక్కడా అంతే. పోయిన ఏడాది పిల్లలు చేసిన గేములు చూపించమనండి, వాటిని మీవాడితో ఆడించండి. ఆ పిల్లల్లో ఇద్దరితో, వాళ్లు పిలిపించినవాళ్లతో కాకుండా మీరు ఎంచుకున్నవాళ్లతో, ఫోన్‌లో మాట్లాడండి. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు కదా, రాకపోతే ఫీజు వాపస్ ఇస్తామని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. సంతకం దగ్గరికొచ్చేసరికి మాట మారిస్తే, హాలియా బస్సెక్కి వచ్చేయండి.