గుహలో ముందు కుండల దగ్గర ఆగు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

మధ్య అమెరికాలోని బెలీజ్‌లో, మాయా అనే ప్రాచీన జాతివాళ్లు వాడిన గుహల సర్వేకు నిన్ను తీసుకున్నారన్న కబురు విని ఎంత సంతోషించానో చెప్పలేను. ముప్పై ఏళ్లు తవ్వకాల్లో గడిపినదాన్ని కనుక ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. గుహలో వస్తువుకన్నా అది ఉన్న చోటు ముఖ్యం.

అక్కడి ఆక్టున్ తునిచిల్ ముక్నాల్ గుహకు వెళ్లినవాళ్లందరి మనసూ కాల్సైట్ అనే సున్నపు స్ఫటికం పట్టి మెరిసే ఆ అస్థిపంజరం మీదే ఉంటుంది. నువ్వు ముందు కుండల దగ్గర ఆగు. వంగి చూస్తే కొన్నిటికి చిన్న చిల్లు కనిపిస్తుంది, కావాలని పొడిచిన చిల్లు. కొన్ని నేలకు అతుక్కుపోయి ఉంటాయి. పన్నెండు వందల ఏళ్లుగా చుక్క చుక్కగా పడిన నీటిలోని సున్నం వాటిని అలా పట్టేసింది. అక్కడి కుండల్లో ఎక్కువ భాగం క్రీ.శ. 700–900 మధ్యవి. ఆ రోజుల చివర్లో వానలు ముఖం చాటేశాయి. వానదేవుడు చాక్ ఉండే చోటని నమ్మిన చీకట్లోకి, లోలోపలికి, దివిటీలు పట్టుకుని మాయావాళ్లు ఎందుకు వెళ్లారో ఆ కుండలున్న తీరే చెబుతుంది. జానెడు జరిపినా ఆ సాక్ష్యం పోతుంది.

కొత్తలో నేనొకచోట ఫోటో కోసం ఒక పెంకును తిరగేశాను. ఎవరైనా దాన్ని బోర్లించి పెట్టారో, అదే పడిందో ఇక ఎవరూ తేల్చలేరు. ఆ బాధ నాకింకా ఉంది. ఆక్టున్‌లో బూట్లు విప్పి మేజోళ్లతో నడవమంటారు, విసుక్కోకు. 2012లో ఒక సందర్శకుడి కెమెరా జారిపడి అక్కడ ఓ పుర్రె పగిలింది.

ఎముక కనబడగానే నోటుపుస్తకంలో 'బలి' అని రాసేయకు, తొందరపడి పెట్టిన పేరు తప్పు కావచ్చు. 'స్ఫటిక కన్య' అని అందరూ పిలిచిన ఆ అస్థిపంజరం ఒక యువకుడిది కావచ్చని తర్వాత తేలింది.

ఊరివాళ్ల మాట విను. మెక్సికోలోని యుకతాన్‌లో బలంకాంచే అనే గుహలో 1959లో మూసి ఉన్న గది బయటపడినప్పుడు, ముందు దేవతలకు పూజ జరగాలని స్థానిక మాయా పూజారి పట్టుబట్టాడు. పరిశోధకులు ఒప్పుకొని ఆ పూజలో కూర్చున్నారు. కోపల్ పొగ, మన సాంబ్రాణిలాంటిదే, అక్కడ వెయ్యేళ్ల నాటి ధూపపాత్రల మధ్య మళ్లీ లేచింది. ఆ పాత్రలు దేనికో అడగడానికి అంతకన్నా మంచి మనుషులు ఎవరుంటారు?

లైట్లు మూడు పెట్టుకో. వాన పడితే వాగు దాటవద్దు. బయటికి రాగానే ఎంత రాత్రయినా ఫోను చెయ్యి, మొదట ఏ కుండ దగ్గర కూర్చున్నావో వినాలి.

నీ అత్తయ్య