బోటు డెక్ ప్లైవుడ్ పది నెలలకే పొరలు విడిపోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నాది పాత ఫైబర్ చేపల బోటు. డెక్ చెక్క పుచ్చిపోవడంతో 18 మి.మీ. ప్లైవుడ్ షీట్లు ఆరు కొని కొత్త ఫ్లోరింగ్ వేయించాను. బోటుకే అని షాపులో చెప్పాను. ‘మెరైన్ ప్లై’ అని చెప్పి ఇచ్చారు, బిల్లులో మాత్రం ‘ప్లైవుడ్ 6’ అని రాశారు. పని మొత్తం ఒక మేస్త్రికి గుత్తకు ఇచ్చాను. పది నెలలకే షీట్లు ఉబ్బి పొరలు లేచాయి. షాపతను మేస్త్రి పనిని, మేస్త్రి సరుకును తప్పుపడుతున్నారు. బోటు మీద నేనూ మా తమ్ముడే వేటకు వెళతాం. డబ్బు వెనక్కి వస్తుందా? ఈసారి ఏ ఫ్లోరింగ్ వేయించుకోవాలి? కాగితం మీద ఏం రాయించుకోవాలి?

జవాబు: ముందుగా, పాడైన షీట్లను ఇప్పుడే విప్పి పారేయకండి. ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది అక్కడే. సరుకు లోపమా, పనిలో లోపమా అన్నది ఆ షీట్లే చెప్పాలి.

వినియోగదారుల కమిషన్‌లో వేసే ఒకే ఫిర్యాదులో షాపు, మేస్త్రి ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరి మీదే వేస్తే, అతను లేనివాడి మీదకు నెట్టి తప్పించుకుంటాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటే ఎవరి వాటా ఎంతో కమిషనే తేలుస్తుంది. మేస్త్రికి మీరు గుత్తకు ఇవ్వడం ఇక్కడ మీకు కలిసొస్తుంది. రోజు కూలికి పెట్టుకుని, మీరు చెప్పినట్టల్లా చేయించి ఉంటే అది ‘వ్యక్తిగత సేవా ఒప్పందం’ అని, వినియోగదారుల రక్షణ చట్టంలోని ‘సేవ’ కిందికి రాదని వాదించే వీలుండేది.

చేపలు పట్టి అమ్మడం వ్యాపారం కదా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా అన్న అనుమానం సహజం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(7) వివరణ ప్రకారం, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని వాడుకున్న సరుకు ‘వాణిజ్య ప్రయోజనం’ కిందికి రాదు. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ రక్షణ పోదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరూ తమ్ముడూ స్వయంగా వేటకు వెళ్తున్నారు కాబట్టి మీరు వినియోగదారులే. ఈ విషయాన్ని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. చాలామంది రాయరు, అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. నాలుగైదు బోట్లు పెట్టి జీతగాళ్లతో నడిపే యజమాని అయితే సివిల్ కోర్టుకే వెళ్లాల్సి రావచ్చు.

షాపు మీద మీకున్న బలం వస్తువుల అమ్మకం చట్టం 1930, సెక్షన్ 16. ఏ పనికి కొంటున్నారో చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద ఆధారపడి కొంటే, సరుకు ఆ పనికి సరిపోవాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. అయితే ‘ఫలానా బ్రాండు షీటే ఇవ్వండి’ అని పేరు పెట్టి కొన్నప్పుడు ఈ షరతు వర్తించదని అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కాబట్టి ‘బోటు డెక్‌కు’ అని మీరు పంపిన వాట్సాప్ మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. దొరికితే ఫోను మార్చకండి, మెసేజ్ తుడిచేయకండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద ముద్ర ఉన్నా భయపడకండి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం, బిల్లు ఇవ్వకపోవడం రెండూ 2019 చట్టం ప్రకారం అనుచిత వాణిజ్య పద్ధతులే.

ఇక సాక్ష్యం. షీటు వెనుక ముద్ర చూడండి. మెరైన్ ప్లైవుడ్ అంటే ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం. ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. ముద్ర ఐఎస్ 303 అని ఉంటే అది సాధారణ వాడకానికి చేసిన ప్లైవుడ్, షాపు చెప్పిన మాట అబద్ధమని అక్కడే తేలిపోతుంది. ముద్ర ఉన్న భాగాన్ని, సైజు తెలిసేలా దాని పక్కన ఒక పెన్ను ఉంచి, అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా ఫొటో తీయండి.

తర్వాత పొరలు ఎక్కడ లేచాయో గమనించండి. కోసిన అంచుల దగ్గర, స్క్రూ రంధ్రాల చుట్టూ మాత్రమే ఉబ్బి, షీటు మధ్యభాగం గట్టిగా ఉంటే అంచులకు, రంధ్రాలకు నీరు దూరకుండా ఆపే రెసిన్ పట్టించలేదన్నమాట, అది పనిలో లోపం. పైపూత చెక్కుచెదరకుండా ఉన్నా మధ్యలోనే పొరలు విడిపోతే జిగురు లోపం, అది సరుకుది. రెండూ ఉంటే రెండూ రాయండి. ఐఎస్ 710 షీటును 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు, ల్యాబ్‌లో చేసే పరీక్ష అదే. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2)(సి) కింద కమిషన్ నమూనాను సీలు వేయించి ల్యాబ్‌కు పంపిస్తుంది. దాని రుసుము ముందుగా మీరే కట్టాలి. మీరు సొంతంగా తెచ్చుకున్న రిపోర్టు కంటే దీనికే బరువెక్కువ.

బోటు నెలల తరబడి కట్టేసి ఉంచలేరు కదా. ఇద్దరికీ రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ‘ఫలానా తేదీన వచ్చి చూసుకోండి, రాకపోతే విప్పి బాగు చేయించుకుంటాను’ అని కనీసం 15 రోజుల గడువు పెట్టండి. ఆ రోజు ఇద్దరు సాక్షుల ముందు విప్పి, వీడియో తీసి, ముద్ర ఉన్న ముక్కతో కలిపి, ఒక్కోటి రెండు లేదా మూడు అడుగులుండే నాలుగు ముక్కలను, తారీఖులు రాసి పొడిచోట దాచండి. ఆపైన నిశ్చింతగా పని మొదలుపెట్టుకోవచ్చు. వేట ఆగిన నష్టం అడగవచ్చు, కానీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం నష్టాన్ని తగ్గించుకునే మార్గం మీకుందా అని కూడా చూస్తారు. బోటును ఏడాది ఊరికే ఉంచి ఏడాది ఆదాయం అడిగితే రాదు. వేట నిషేధం ఉన్న రోజులకూ రాదు. డీజిల్, ఐసు బిల్లులు, చేపల అమ్మకం చీటీలు ఉంటేనే మీ రోజువారీ ఆదాయానికి ఆధారం.

కొత్త ఫ్లోరింగ్ విషయంలో నా అభిప్రాయం: ఐఎస్ 710 ప్లైవుడ్, రెండు వైపులా ఎపాక్సీ రెసిన్, పైన గ్లాసు గుడ్డ (ఫైబర్‌గ్లాస్ బట్ట), ఆపైన కాలు జారకుండా ఇసుక కలిపిన పూత. దానికి రాసి ఉన్న ప్రమాణం ఉంది కాబట్టి రేపు గొడవ వస్తే కొలిచి నిరూపించగలరు. ఎపాక్సీ బదులు మామూలు పాలియెస్టర్ రెసిన్ వాడితే చెక్కను సరిగా పట్టుకోక పలకలా ఊడివస్తుంది, అందుకే ఒప్పందంలో రెసిన్ పేరు కూడా ఉండాలి. అల్యూమినియం చెకర్డ్ షీటు మన్నుతుంది, కానీ ఉప్పునీటిలో స్టీలు స్క్రూలు గానీ రాగి మందు పట్టించిన చెక్క గానీ నేరుగా తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో నైలాన్ వాషర్లు, సీలెంట్ తప్పనిసరి. ఫైబర్ జాలీలు నీరు నిలవనివ్వవు, అయితే కింద ఆధారాలు దగ్గరదగ్గరగా ఉండాలి. కార్పెట్, అతికించే రబ్బరు మ్యాట్ పాత బోటుకు వద్దు. కింద తడి పట్టి ఉంచి చెక్కను కుళ్లబెడతాయి.

పాత డెక్ మీదే కొత్త షీట్లు పరవడానికి ఒప్పుకోకండి. కుళ్లు లోపలే ఉండిపోతుంది, పైగా ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి 35 కిలోల పైచిలుకు ఉంటుంది. ఆ బరువు పైన చేరితే బోటు నిలకడ తగ్గుతుంది.

ఒప్పందం స్టాంపు పేపరు మీద ఒక పేజీ చాలు. షీటు ప్రమాణం, మందం, బ్రాండు, లైసెన్సు నంబరు, స్క్రూలు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ అని రాయండి. కోసిన ప్రతి అంచుకూ, ప్రతి రంధ్రానికీ ఎపాక్సీ పట్టించాలనీ, నీరు పోయే దారులు మూసేయకూడదనీ రాయించండి. ఎక్కువ తగాదాలు వచ్చేది డెక్ విప్పాక కింద దూలాలు కూడా పుచ్చినట్టు బయటపడినప్పుడు. అందుకని ‘అదనపు పని అడుగుకు ఇంత, నా రాతపూర్వక అంగీకారం వచ్చాకే’ అని ముందే తేల్చుకోండి. షీట్లు మూసే ముందు దూలాలను మీరు చూసి ఫొటో తీసుకునే వీలు ఉండాలి. డబ్బు మూడు విడతలుగా ఇచ్చి, ఆఖరి అయిదో వంతును డెక్ మీద నీళ్లు పోసి, కిందికి కారడం లేదని చూశాకే ఇవ్వండి. కనీసం రెండు వానాకాలాలకు గ్యారంటీ రాయించండి. షాపు బిల్లులో ‘చేపల బోటు డెక్ కోసం’ అన్న మాట పడాలి.

బీమా ఉంటే ఈ మరమ్మతు సంగతి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. డెక్ పుచ్చిందని తెలిసీ సముద్రంలోకి పంపితే, ఆ కారణంగా జరిగిన నష్టానికి బీమా కంపెనీ బాధ్యత లేదని వాదించడానికి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 1963, సెక్షన్ 41(5) వీలిస్తుంది. హాచ్ (డెక్ మీది మూత) స్థానం మారినా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు మారేలా పని జరిగినా రిజిస్టర్ చేసిన అధికారికి తెలియజేసి రసీదు తీసుకోండి.

ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే వేయొచ్చు, షాపు వేరే జిల్లాలో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, 5 లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు. గడువు రెండేళ్లు. లోపం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, మీరు మాత్రం షీట్లు కొన్న తేదీ నుంచే లెక్క వేసుకోండి. పది నెలలు అప్పుడే గడిచాయి, నోటీసు ఈ వారంలోనే పంపండి.