బ్యాకప్‌కు ఏ సాఫ్ట్‌వేర్ నమ్మకం?

ప్రశ్న: పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు కలిపి డి డ్రైవ్‌లో 300 జీబీ ఉన్నాయి. బ్యాకప్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఫైళ్ల వరకే అయితే విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ చాలమ్మా. కంట్రోల్ ప్యానెల్‌లో ఆన్ చేయండి. కానీ డి డ్రైవ్ ఫోల్డర్లను అది తనంతట తాను తీసుకోదు, విండోస్ లైబ్రరీలో (ఫోల్డర్లను ఒకచోట చూపే జాబితాలో) చేర్చాలి. చాలామంది ఫొటోలు పోగొట్టుకునేది ఇక్కడే! విండోస్‌తో సహా మొత్తం కావాలంటే వీమ్ ఏజెంట్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ వేసుకుని, విండోస్ తెరుచుకోనప్పుడు బ్యాకప్‌ను వెనక్కి తెచ్చుకునే రికవరీ పెన్‌డ్రైవ్ కూడా ఆరోజే చేసిపెట్టుకోండి. బ్యాకప్ దాచడానికి బయట తగిలించే 1 టీబీ డిస్క్ కొని, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. వారానికోసారి తగిలించి, కాపీ అయ్యాక ఊడదీయండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చిన రోజు ఆ డిస్క్ కూడా పోతుంది. నెలకో ఫొటోను వెనక్కి తెచ్చి, తెరుచుకుంటోందో లేదో చూడండి.