మందు కొట్టకుండ ద్రాక్ష పండుతదా?

ప్రశ్న: నమస్తే అన్నా, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర, ఒకటిన్నర ఎకరం ద్రాక్ష పందిరి ఉంది. ఇటలీల పాత వైన్ తోటలోళ్లు రసాయనాలు లేకుండనే పండిస్తరంట, నిజమేనా? మాకైతే వారానికి రెండుసార్లు స్ప్రే చెయ్యకుంటే గుత్తి చేతికొస్తలేదు.

జవాబు: నిజమే తమ్మీ, కానీ అసలు మందే కొట్టరు అనుకోకు. టస్కనీల కియాంటి కొండల మీద బడియా ఆ కోల్తిబువోనో అని ఒక ఎస్టేట్ ఉంది, 11వ శతాబ్దంల క్రైస్తవ సన్యాసులు కట్టిన మఠం, 1846 నుంచి ఒకే కుటుంబం చేతిల ఉంది, సాంజొవేసె ద్రాక్షను సేంద్రియంగనే పెంచుతరు. ఇట్లాంటి తోటల్ల బూడిద తెగులుకు గంధకం, బూజు తెగులుకు మన బోర్డో మిశ్రమం లెక్క రాగి మందు నడుస్తది. రాగి మట్టిల పేరుకపోతది కాబట్టి యూరప్ల రూల్ ఉంది, 7 ఏండ్లల హెక్టారుకు 28 కిలోలు దాటొద్దు.

నాకు బాగ నచ్చేది సాళ్ల మధ్య పని. చలికాలం ముందు చిక్కుడు జాతి గింజలు, బార్లీ చల్లి, ఎండలు మొదలైనంక అక్కడనే పడగొడ్తరు, మనం జనుము దున్నినట్టే.

మనకు అచ్చం అట్లనే కుదరదు. అక్కడ చలికాలం తీగ నిద్రపోతది, మనం ఏప్రిల్ల ఒకసారి అక్టోబర్ల ఒకసారి కత్తిరిస్తం, అక్టోబర్ కత్తిరింపు తర్వాత వాన పడ్డదా ఇగ అంతే. మొన్న మా బావ తోటల ఆకు తిప్పి చూస్తే పైన నూనె చుక్క లెక్క పసుపు మచ్చ, కింద తెల్లగ దూది, అదే బూజు తెగులు.

నువ్వు ముందు నాలుగు సాళ్లల జనుము చల్లి చూడు, గుత్తుల చుట్టు ఆకులు తెంపి గాలి ఆడనియ్యి, రోజు పొద్దుగాల ఆకు తిప్పి చూసినంకనే పంపు ఎత్తుకో.