ఆధారాలు తూచే ఉద్యోగం, గ్రాంట్లకు మార్కులు వేసే ఉద్యోగం ఒకటి కాదు

ప్రశ్న: ఫార్మ్-డి ఐదో సంవత్సరం చదువుతున్నాను. తర్వాత అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయాలనుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థల్లో వైద్య పరిశోధనల ఆధారాలు సేకరించే ఉద్యోగాలు, పరిశోధన గ్రాంట్లను సమీక్షించే ఉద్యోగాలు ఉంటాయని సీనియర్లు చెప్పారు. ఆ పని ఎలా ఉంటుంది? నా చదువుతో అందులోకి వెళ్లగలనా? ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?
- ఒక విద్యార్థిని

జవాబు: వెళ్లగలరు. అయితే మీ సీనియర్లు ఒకే గాటన కట్టిన ఈ రెండూ వేర్వేరు పనులు. ఆధారాల సమీక్షలో పీజీ అవగానే చేరవచ్చు, చదువుకుంటూ ఉండగా రీసెర్చ్ అసిస్టెంట్‌గానూ చేయవచ్చు. గ్రాంట్ల సమీక్ష అలా కాదు. సొంతంగా పరిశోధన నడిపి, పేపర్లు రాసి, చాలావరకు తామూ గ్రాంట్లు తెచ్చుకున్నవాళ్లకే ఆ కుర్చీ దక్కుతుంది. కాబట్టి ప్రస్తుతానికి మీ దృష్టంతా మొదటిదాని మీదే పెట్టండి.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండాలి. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు కొద్ది మినహాయింపులతో ఆ దేశ పౌరులకే ఇస్తారు. దానికి దిగులు పడనక్కర్లేదు, ఎందుకంటే ఆధారాలు సేకరించే అసలు పని జరిగేది ప్రభుత్వ కార్యాలయంలో కాదు. ఆరోగ్య సేవల పరిశోధన, నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ ఏహెచ్ఆర్‌క్యూ ఆ పనిని విశ్వవిద్యాలయాలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు కాంట్రాక్టు మీద అప్పగిస్తూ వచ్చింది. వాటిని ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ సెంటర్లు అంటారు, వాడుకలో ఈపీసీలు. జాన్స్ హాప్‌కిన్స్, బ్రౌన్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాలు, ఆరెగన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ, మేయో క్లినిక్, రాండ్ ఈ పని చేస్తూ వచ్చిన సంస్థలే.

ఆధారాలు ఒకరు తూచడం, నిర్ణయం ఇంకొకరు తీసుకోవడం అనే ఈ ఏర్పాటు వెనుక ఒక దెబ్బ ఉంది. ఏహెచ్ఆర్‌క్యూ 1989లో వేరే పేరుతో పుట్టింది. అప్పట్లో వైద్యులకు మార్గదర్శకాలను కూడా తానే రాసేది. 1994లో నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకంలో, కొత్తగా మొదలైన నొప్పికి చాలామందికి సర్జరీ అక్కర్లేదని తేల్చింది. వెన్నెముక సర్జన్లలో ఒక వర్గం దీనిపై భగ్గుమంది. మరుసటి ఏడాది సంస్థనే ఎత్తేయాలన్న ప్రయత్నం అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో జరిగింది, చివరికి బడ్జెట్ కోతతో గండం గట్టెక్కింది. ఆ తర్వాత మార్గదర్శకాలు రాయడం మానేసి, 1997లో ఈపీసీలను మొదలుపెట్టింది, 1999లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇప్పుడు ఈపీసీ ఇచ్చే నివేదిక ఏం తెలిసింది, ఎంత గట్టిగా తెలిసింది అన్నంతవరకే చెబుతుంది. దాన్ని చూసి ఏం చేయాలో వైద్య సంఘాలు, బీమా పథకాలు, జబ్బుల నివారణపై సిఫార్సులు చేసే ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ లాంటి బృందాలు తేల్చుకుంటాయి. ఇంటర్వ్యూలో ఈ తేడా స్పష్టంగా చెప్పగలిగితే మీకు పని స్వభావం అర్థమైందని వాళ్లకు తెలుస్తుంది.

పని ప్రశ్నతో మొదలవుతుంది. ఫలానా అంశం మీద సమీక్ష కావాలని ఎవరైనా ప్రతిపాదించవచ్చు. ఎంచుకున్న అంశాన్ని పికాట్స్ అనే చట్రంలో బిగిస్తారు: ఎవరికి, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం, ఎంత కాలానికి, ఎలాంటి చోట. ‘నడుం నొప్పికి వ్యాయామం పనిచేస్తుందా?’ అన్నది ప్రశ్నే కాదు. ‘మూడు నెలలకు పైగా నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లకు వ్యాయామ కార్యక్రమం ఇస్తే, మామూలు వైద్యంతో పోలిస్తే ఆరు నెలల తర్వాత నొప్పి, రోజువారీ పనులు చేసుకునే శక్తి ఎంత మారాయి?’ అంటే వెతకదగిన ప్రశ్న అవుతుంది. రోగులు, వైద్యులు, నిపుణులతో మాట్లాడి దాన్ని ఖరారు చేసి, ప్రోటోకాల్ (సమీక్ష ఎలా చేస్తారో చెప్పే ప్రణాళిక) రాసి, వెతుకులాట మొదలుకాక ముందే అందరికీ కనిపించేలా పెడతారు. ఫలితాలు చూశాక ప్రశ్నను తమకు అనువుగా మార్చుకునే వీలు లేకుండా వేసిన కట్టడి ఇది.

తర్వాత సెర్చ్. వైద్య పేపర్ల డేటాబేస్‌లైన పబ్‌మెడ్, ఎంబేస్, కోక్రేన్ సెంట్రల్‌లలో వెతకడం సర్వసాధారణం. ట్రయల్స్ రిజిస్ట్రీలూ వెతుకుతారు, ప్రచురించని సమాచారం ఉంటే పంపమని ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటన కూడా ఇస్తారు. ఒకే భావానికి ఉన్న పర్యాయపదాలన్నీ ‘ఆర్’ (OR)తో, వేర్వేరు భావాలను ‘అండ్’ (AND)తో కలుపుతారు. కొత్తవాళ్లు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, మెష్ పదాలనే (పబ్‌మెడ్‌లో పేపర్లకు తగిలించే విషయసూచిక పదాలు) నమ్ముకోవడం. కొత్తగా వచ్చిన పేపర్లకు ఇంకా మెష్ పదాలు తగిలించి ఉండకపోవచ్చు, కాబట్టి శీర్షికలో, సారాంశంలో ఉండే మామూలు మాటలూ చేర్చాలి. రెండోది, ఫలితాన్ని కూడా సెర్చ్‌లో ఇరికించడం. నొప్పిని కొలిచినా సారాంశంలో ఆ మాట రాయని పేపర్లు అక్కడే జారిపోతాయి.

వచ్చిన వేలాది సారాంశాలను జల్లెడ పట్టడమే మీలాంటివాళ్లకు మొదట దొరికే పని. ప్రతి సారాంశాన్నీ ఇద్దరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చూస్తారు, తేడా వస్తే చర్చించి గానీ మూడో మనిషిని అడిగి గానీ తేలుస్తారు. ఈ దశలో అనుమానం ఉన్నదాన్ని ఉంచేయాలి. ఉదాహరణకు ఒక సారాంశంలో వ్యాయామం ఉంది, పెద్దవాళ్లే ఉన్నారు, ఎంతకాలం గమనించారో మాత్రం రాయలేదు. తీసేయకండి, పూర్తి పేపర్ తెప్పించుకోండి. పూర్తి పేపర్ చదివాక తీసేస్తే మాత్రం కారణం రాసి తీరాలి, ప్రిస్మా అనే ప్రామాణిక చిత్రంలో ఎన్ని పేపర్లు ఏ కారణంతో పోయాయో అంకెలతో చూపించాలి. మొదట్లో ఓ యాభై సారాంశాలను బృందమంతా చూసి పోల్చుకోవడం మంచి పద్ధతి. ఇద్దరి మధ్య లెక్క కుదరకపోతే తప్పు చాలాసార్లు మనుషులది కాదు, ప్రమాణాలను అస్పష్టంగా రాయడంలోనే ఉంటుంది.

అసలు ప్రమాదం ఉండేది డేటా ఎక్స్‌ట్రాక్షన్‌లో, అంటే పేపర్లలోని అంకెలను మన పట్టికలోకి ఎక్కించడంలో. ఒక పేపర్ పట్టికలో ప్రతి గ్రూపులో 64 మంది, నొప్పి స్కోరు పక్కన 1.5 అని ఉందనుకోండి. పట్టిక కింద చిన్న అక్షరాల్లో అది స్టాండర్డ్ ఎర్రర్ (సగటు ఎంత కచ్చితమో చెప్పేది) అని రాసి ఉంటుంది. స్టాండర్డ్ డీవియేషన్ (రోగుల మధ్య స్కోర్లు ఎంత చెల్లాచెదురో చెప్పేది) కావాలంటే దాన్ని 64 వర్గమూలంతో, అంటే 8తో గుణించాలి, 12 వస్తుంది. ఆ చిన్న అక్షరాలు చూడకుండా రెండు గ్రూపులకూ 1.5నే డీవియేషన్‌గా ఎక్కిస్తే, అధ్యయనాల ఫలితాలన్నీ కలిపి లెక్కకట్టే మెటా అనాలసిస్‌లో ఆ అధ్యయనం వేరియన్స్ 64 రెట్లు తగ్గిపోతుంది, మామూలు ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ లెక్కలో దాని బరువు 64 రెట్లు పెరుగుతుంది. మిగతా అధ్యయనాలన్నీ ఉన్నా లేనట్టే. ఒక్క గడిలో పడిన ఒక్క అంకె ఎంతోమంది రోగుల చికిత్సను ప్రభావితం చేసే ముగింపును తలకిందులు చేయగలదు, అందుకే ఎక్కించిన ప్రతి అంకెనూ రెండో మనిషి సరిచూస్తారు. ఒకే ట్రయల్ మూడు పేపర్లుగా వచ్చినప్పుడు మూడు అధ్యయనాలుగా లెక్కేయడం కూడా ఇలాంటిదే. రిజిస్ట్రేషన్ నంబరు, ఆస్పత్రులు, రోగులను చేర్చుకున్న తేదీలు కలిపి చూస్తే పట్టుబడుతుంది.

ఆపైన ప్రతి అధ్యయనంలో పక్షపాతం వచ్చే అవకాశం ఎంతో చూస్తారు, ర్యాండమైజ్డ్ ట్రయల్స్‌కు రాబ్-2, మిగతావాటికి రాబిన్స్-ఐ లాంటి సాధనాలున్నాయి. చివరికి ఒక్కో ఫలితానికి ఆధారాల బలాన్ని అధికం, మధ్యమం, అల్పం, చాలదు అని నాలుగు మెట్లలో చెబుతారు. ముసాయిదాను నిపుణులకూ ప్రజలకూ చూపించి, వచ్చిన వ్యాఖ్యలకు ఏం చేశారో కూడా ప్రచురిస్తారు.

ఇక గ్రాంట్లు. ఏహెచ్ఆర్‌క్యూ కూడా గ్రాంట్లు ఇస్తూ వచ్చింది గానీ, పద్ధతి అర్థం కావడానికి పెద్దన్న లాంటి ఎన్‌ఐహెచ్‌ను, అంటే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థను, చూడటం మేలు. అక్కడ రెండంచెల సమీక్షను చట్టమే నిర్దేశించింది. దరఖాస్తు వచ్చాక సైంటిఫిక్ రివ్యూ ఆఫీసర్ నడిపే స్టడీ సెక్షన్ అనే సమీక్ష బృందానికి వెళుతుంది. ఈ ఆఫీసర్ ప్రభుత్వ ఉద్యోగి, మార్కులు వేయరు. మార్కులు వేసేది బయటి శాస్త్రవేత్తలు. ఒక్కో దరఖాస్తును సాధారణంగా ముగ్గురు లోతుగా చదివి ముందే 1 నుంచి 9 వరకు స్కోరు ఇస్తారు, 1 అత్యుత్తమం. మన పరీక్షల అలవాటుకు ఇది తిరగబడినట్టు ఉంటుంది, గుర్తుంచుకోండి. ముందస్తు స్కోర్లలో వెనకబడిన దరఖాస్తులు చర్చకే రావు. చర్చకు వచ్చినవాటికి సభ్యులంతా రహస్యంగా స్కోరు వేస్తారు, సగటును పదితో గుణిస్తారు. సగటు 2.4 అయితే స్కోరు 24. దరఖాస్తుదారుతో సంబంధం ఉన్న సభ్యులు ఆ చర్చలో కూర్చోరు. తర్వాత సలహా మండలి చూస్తుంది, చివరి నిర్ణయం ఆ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌ది. మంచి స్కోరు వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చేసినట్టు కాదు.

2025 జనవరి 25 నుంచి ఎక్కువ రకాల పరిశోధన గ్రాంట్లకు ప్రమాణాలను మూడుగా సర్దారు: పరిశోధన ప్రాముఖ్యం, పద్ధతి గట్టిదనం - చేయగలిగే వీలు, నైపుణ్యం - వనరులు. మొదటి రెంటికీ స్కోరు ఉంటుంది, మూడోదానికి ఉండదు. అక్కడ సరిపోతాయా లేదా అన్నదే చూస్తారు. పెద్ద విశ్వవిద్యాలయం పేరు చూసి మార్కులు కలపడం తగ్గించాలన్నది ఈ మార్పు ఉద్దేశాల్లో ఒకటి, చాలా అవసరమైన మార్పు. ఇంకో నియమం: సమీక్షకులు దరఖాస్తులను జెనరేటివ్ ఏఐ సాధనాల్లోకి ఎక్కించకూడదు. 2023 జూన్‌లోనే ఎన్‌ఐహెచ్ ఈ విషయం తేల్చి చెప్పింది, ఎందుకంటే అందులో ఉండేది ఇంకా ఎవరికీ చెప్పని మరొకరి ఆలోచన.

దరఖాస్తులు ఎక్కడ దెబ్బతింటాయో కూడా చెబుతాను. ఎన్‌ఐహెచ్ ప్రధాన పరిశోధన గ్రాంటు ఆర్-01కు లక్ష్యాల పేజీ ఒకటి, పరిశోధన వ్యూహం 12 పేజీలు. చాలామంది సభ్యులు తమకు కేటాయించని దరఖాస్తుల్లో ప్రధానంగా చూసేది ఆ ఒక్క లక్ష్యాల పేజీనే. అది తేటగా లేకపోతే మంచి స్కోరు వేసే చేతులు వెనక్కి పోతాయి. మొదటి లక్ష్యం విఫలమైతే రెండోది కూలిపోయేలా రాయడం, ఐదేళ్లలో సాధ్యం కానన్ని పనులు పెట్టుకోవడం, ఎంతమంది రోగులు కావాలో లెక్క చూపకపోవడం తరచూ కనిపించే లోపాలు. స్టడీ సెక్షన్ ఎలా నడుస్తుందో చూపించే నమూనా వీడియో ఎన్‌ఐహెచ్ సమీక్ష కేంద్రమే పెట్టింది, ఎన్‌ఐహెచ్‌లోని అంటువ్యాధుల విభాగం ఎన్‌ఐఏఐడీ సైట్‌లో నెగ్గిన దరఖాస్తుల నమూనాలూ ఉన్నాయి. ఇవి చూడటానికి పైసా ఖర్చు లేదు.

మీ దారి సంగతికొద్దాం. ఒక హెచ్చరిక: 2025 మార్చిలో అమెరికా ఆరోగ్య శాఖ ఏహెచ్ఆర్‌క్యూను మరో కార్యాలయంతో కలిపేస్తామని ప్రకటించింది, ఏప్రిల్‌లో సిబ్బందిని భారీగా తగ్గించింది. కాబట్టి ఒక సంస్థ పేరు పట్టుకుని వేలాడకండి. ఇదే నైపుణ్యం వైద్య సంఘాల మార్గదర్శక బృందాల్లో, మందుల కంపెనీల హెల్త్ ఎకనామిక్స్ విభాగాల్లో, చికిత్సల విలువను అంచనా వేసే టెక్నాలజీ అసెస్‌మెంట్ సంస్థల్లో చెల్లుతుంది.

ఎంపీహెచ్‌లో జనరల్ కాకుండా ఎపిడెమియాలజీ గానీ బయోస్టాటిస్టిక్స్ గానీ తీసుకోండి. ఇది చదువు కోసమే కాదు. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి వచ్చే 12 నెలల అనుమతి ఓపీటీకి మరో 24 నెలలు కలవాలంటే కోర్సు ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉండాలి. ఎపిడెమియాలజీ కోర్సు కోడ్ 26.1309, బయోస్టాటిస్టిక్స్ 26.1102 ఆ జాబితాలో ఉన్నాయి, జనరల్ పబ్లిక్ హెల్త్ 51.2201 లేదు. కోర్సు పేరు చూసి నమ్మకండి, విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో ఏ కోడ్ వేస్తారో అడ్మిషన్‌కు ముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెలుసుకోండి. విశ్వవిద్యాలయాల హెచ్-1బి ఉద్యోగాలకు వార్షిక కోటా వర్తించదు, ఈపీసీలు ఎక్కువగా అలాంటి చోట్లే ఉండటం మీకు కలిసొచ్చే అంశం. వీసా నిబంధనలు మారుతూనే ఉంటాయి, దరఖాస్తు చేసే నాటికి ఏవి అమల్లో ఉన్నాయో విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి.

ఫార్మ్-డిలో మీకు క్లినికల్ ట్రయల్ చదవడం, డ్రగ్ ఇన్ఫర్మేషన్ వెతకడం ఇప్పటికే అలవాటు. చాలామంది ఎంపీహెచ్ విద్యార్థులకు ఉండని బలం అది. లేనిదల్లా పద్ధతి. వాలంటీర్లతో సారాంశాలు వడపోయించే కోక్రేన్ క్రౌడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చేరి రోజుకు పావుగంట సారాంశాలు వడపోయండి, ర్యాండమైజ్డ్ ట్రయల్‌ను పసిగట్టడం చేతికి అబ్బుతుంది. ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో మెటా అనాలసిస్ చేసే మెటాఫర్ ప్యాకేజీ నేర్చుకోండి. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు పోయకండి, ఈ రంగంలో వాటిని చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేరు. డబ్బు కట్టించుకుని వారంలో పేపర్ వేసే పత్రికల జోలికీ వెళ్లకండి, ఆధారాలు తూచేవాళ్లు మొదట పట్టుకునేది వాటినే.

ఇంటర్న్‌షిప్ ఏడాదిలో ఒక ఇరుకైన ప్రశ్న తీసుకుని, ఒక క్లాస్‌మేట్‌ను రెండో స్క్రీనర్‌గా పెట్టుకుని, ఉన్న ట్రయల్స్ ఐదారే అయినా సరే, పైన చెప్పిన పద్ధతిలో చిన్న సిస్టమాటిక్ రివ్యూ మొదటి నుంచి చివరి దాకా చేయండి. ప్రోటోకాల్‌కు తేదీ వేసి ముందే ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టండి. రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టుకు ప్రొఫెసర్‌కు రాసేటప్పుడు రెజ్యూమెతో పాటు మూడు ఫైళ్లు జతచేయండి: సెర్చ్ చేసిన తేదీతో సహా పూర్తి సెర్చ్ స్ట్రాటజీ, మీరు నింపిన ఎక్స్‌ట్రాక్షన్ పట్టిక, పూర్తి పేపర్ చదివాక తీసేసిన అధ్యయనాల జాబితా కారణాలతో. మూడో ఫైలును ముందు తెరిచి చూసే ప్రొఫెసర్లు ఉంటారు, దాన్ని శ్రద్ధగా తయారుచేయండి.