చక్రాలు మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్ రాదా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారి 1969 నాటి మార్క్ 2 అంబాసిడర్‌ను వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలనుకుంటున్నాను. దాని అసలు చక్రాలు అయిదూ తుప్పు తీసి పౌడర్ కోటింగ్ వేయమని విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపుకి ఇచ్చాను. డబ్బు మొత్తం కట్టాక నాలుగే ఇచ్చారు. వాటిలో ఒకటి మాది కాదనిపిస్తోంది. వంద కిలోమీటర్లు తిరక్కముందే నట్లు వదులయ్యాయి. అడిగితే ‘పాత చక్రాలకు గ్యారంటీ లేదని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. మా తమ్ముడి కారు బిల్లు బాకీ ఉందని స్టెప్నీ ఆపేశారు. ఇవన్నీ వదిలేసి 17 అంగుళాల వ్యాసం ఉన్న వెడల్పాటి అల్లాయ్ చక్రాలు వేయిస్తే ఇబ్బందా?

జవాబు: అల్లాయ్‌ల ఆలోచన మానుకోండి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నియమాల్లో చేర్చిన 81ఎ మొదలైన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండి అసలు రూపంలో ఉండాలి. చాసీ, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పు ఉండకూడదు. అక్కడ చక్రాల పేరెత్తలేదు, నిజమే. కానీ 5.90-15 టైర్లకు చేసిన ఫెండర్ (మడ్‌గార్డు) కింద వెడల్పు చక్రం పట్టక రాసుకుంటే, మెకానిక్ ఫెండర్ అంచు కోస్తాడు. ఆ కోతతో అది బాడీ మార్పు అవుతుంది. బండిని పరిశీలించే రాష్ట్ర కమిటీ ముందు వాదించడానికి మీకేమీ మిగలదు. పైగా అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అదే కొలత స్టీలు చక్రాన్ని బాగుచేసి వేసుకుంటే అది ఆ చట్టంలోని సెక్షన్ 52 చెప్పే మార్పు కిందికి రాదు.

ఇంకొకటి. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000, గడువు పదేళ్లు. పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే ఆ తర్వాత బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిప్పకూడదు. రోజూ వాడాలనుకుంటే మామూలు ఆర్‌సీనే అయిదేళ్లకోసారి రెన్యూ చేయించుకోండి.

ఇక వర్క్‌షాపు సంగతి. ముందు ఆ బండి నడపడం ఆపండి. చక్రం విప్పి, నట్టు కూర్చునే పల్లాలను, హబ్‌కు (ఇరుసు చివర చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖాన్ని చూడండి. అక్కడ కోటింగ్ రింగులా నలిగి పెచ్చులూడి ఉంటే తప్పు ఎవరిదో తేలినట్టే. ఆ రెండు చోట్లా కోటింగ్ పడకుండా ముందే మూసి పెట్టాలి. లేకపోతే బిగించినప్పుడు నట్టు లోహం మీద కాక కోటింగ్ పొర మీద కూర్చుంటుంది. పొర నలిగేకొద్దీ బిగువు జారిపోతుంది. దాన్ని గీకేయకండి, మీకు అదే సాక్ష్యం. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. బోల్టు రంధ్రం సాగినా, రంధ్రాల మధ్య గానీ చక్రం నడిమి డిస్కు రిమ్ముకు అతికే చోట గానీ పగులు కనిపించినా ఆ చక్రం మళ్లీ వాడొద్దు.

మీది కాదనుకుంటున్న చక్రం నుంచి టైరు విప్పించి, లోపలివైపు పైకి వచ్చేలా నేల మీద పెట్టండి. రిమ్ము అంచుల మీద అడ్డంగా స్టీలు స్కేలు ఉంచి, హబ్‌కు ఆనే ముఖం దాకా లోతు కొలవండి. మిగతా మూడింటినీ అలాగే కొలిచి, చక్రాల మీద కొట్టిన అచ్చు గుర్తులూ పోల్చండి. ఈ కొలతలన్నీ లైసెన్సున్న వాహన సర్వేయర్‌తో రాయించి సంతకం పెట్టించండి. చక్రాలు ఇచ్చిన రోజు ఫొటోలు మీ ఫోన్‌లో ఉంటే కేసు సగం నిలబడ్డట్టే. వాటిని దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్య చట్టం) సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయండి. చక్రం మార్చేశారన్న రుజువు గట్టిగా దొరికితేనే పోలీసుల దగ్గరికి వెళ్లండి. అనుమానం మీద వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేస్తారు.

బిల్లు మీద అచ్చేసిన ‘గ్యారంటీ లేదు’ అన్న వాక్యం నిర్లక్ష్యపు పనికి రక్షణ కాదు. బాగుచేయడానికి తీసుకున్న వస్తువును సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 చెబుతోంది. సెక్షన్ 170 ప్రకారం వర్క్‌షాపు ఒక వస్తువును ఆపుకోగలిగేది ఆ వస్తువు మీద చేసిన పని కూలి రానప్పుడే. మీ చక్రాల డబ్బు ముట్టింది. తమ్ముడి బాకీకి మీ స్టెప్నీని పట్టి ఉంచే హక్కు వాళ్లకు లేదు.

స్టెప్నీ, మీ అసలు చక్రం, కోటింగ్ ఖర్చు, సర్వేయర్ ఫీజు అడుగుతూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందినట్టు ట్రాకింగ్ ప్రింటు దాచండి. స్పందన లేకపోతే వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద ఫిర్యాదు చేయండి. మీరు ఉండేది గుంటూరు కాబట్టి విజయవాడ వెళ్లనక్కర్లేదు, గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు. ఆలోగా వాళ్లు స్టెప్నీని అమ్మేస్తారన్న భయం ఉంటే, దాన్ని కదల్చకుండా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు ఇవ్వమని ఫిర్యాదుతో పాటే అడగండి.