‘ఆట’ అనే మాట కొట్టేసి చూడు

అమ్మాయీ,

డిజైన్ పనిలో ఆట గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. పెన్సిల్ చేతిలో ఉంది కదా అని లెక్కపెట్టాను. నాలుగు పేజీల్లో ‘ఆట’ అనే మాట ఇరవై ఆరుసార్లు వచ్చింది. ఎవరైనా ఆడుతూ కనిపించింది మాత్రం ఒక్కసారీ లేదు.

కోప్పడుతున్నానని అనుకోకు. మొదట్లో నేనూ ఇలాగే రాసేవాణ్ణి. ‘సృజన’, ‘స్వేచ్ఛ’, ‘ఊహాశక్తి’ లాంటి మాటలు వరసగా పేర్చేసి, వ్యాసం అయిపోయిందనుకునేవాణ్ణి.

రూబిక్ క్యూబ్ సంగతే చూడు. ‘ఆటలోంచి ఒక అద్భుతం పుట్టింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. 1974లో ఎర్నో రూబిక్ బుడాపెస్ట్‌లో డిజైన్ పాఠాలు చెబుతుండేవాడు. ముక్కలు దేనికది తిరగాలి, మొత్తం మాత్రం విడిపోకూడదు. అతన్ని పట్టుకున్న చిక్కు ఇది. రబ్బరు బ్యాండ్లతో కట్టి చూస్తే తెగిపోయాయి. తర్వాత చెక్కముక్కలతో కుదిరింది. ఏ ముక్క ఎటు పోతోందో తెలియడానికి రంగులు వేసి, కాసేపు అటూ ఇటూ తిప్పాడు. రంగులన్నీ కలగాపులగం అయిపోయాయి. మళ్లీ సరిచెయ్యడానికి, దాన్ని చేసిన మనిషికే, దాదాపు నెల పట్టింది. నీ వ్యాసంలో ఆ తెగిన రబ్బరు బ్యాండు ఏది? నాకు కావలసింది అదీ.

ఇంకో పెద్ద పేచీ ఉంది. ఆటంటే కట్టుబాట్లు లేకపోవడం అన్నావు. నేనొప్పుకోను. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు గీత తొక్కితే ఊరుకుంటారా? గీతలు చెరిపేస్తే మిగిలేది వట్టి గెంతడమే.

జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ బడి ఉండేది. జోసెఫ్ ఆల్బర్స్ అక్కడ 1923 నుంచి కొత్త విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. ఒకసారి క్లాసుకు న్యూస్‌పేపర్ల కట్ట తెచ్చి అందరికీ పంచాడట. కాయితం వృథా చెయ్యకుండా దీంతో ఏదైనా చెయ్యండి, వీలైతే కత్తెర, జిగురు ముట్టుకోకండి అని చెప్పి వెళ్లిపోయాడు. కొన్ని గంటల తర్వాత వచ్చి చూస్తే కోటలు, విమానాలు, జంతువులు. ఒక కుర్రాడు మాత్రం పేపరును నిలువునా మడిచి నిలబెట్టాడు, అంతే. ఆల్బర్స్ మెచ్చింది దాన్నే. కోటను రాయితో కట్టొచ్చు, విమానాన్ని లోహంతో చెయ్యొచ్చు. అంత మెత్తటి కాయితం ఒక్క మడతతో నిలబడటం మాత్రం కాయితానికే చెల్లింది.

ఇది చాలాసార్లు చదివాను, ఒకట్రెండు సార్లు రాశాను కూడా. చేసి చూసింది మాత్రం నిన్ననే. మడవకుండా నిలబెడితే పేపరు నడుము విరిగినట్టు వాలిపోయింది. ఒక మడత వేస్తే సగం తెరిచిన పుస్తకంలా నిలిచింది. మడతను మరీ విప్పితే మళ్లీ కూలింది. విసనకర్రలా సన్నసన్నగా మడిచి, దాని మీద కళ్లజోడు పెట్టాను. మోసింది. ఆశ పుట్టి నిఘంటువు పెట్టాను. మొత్తం చదును. పావుగంట అనుకుని కూర్చున్నవాణ్ణి గంటన్నరకు లేచాను. దాంతో ఏం సాధించావని అడిగేవాళ్లు లేరు. కత్తెర వద్దన్న షరతు మాత్రం ఉంది. అది లేకపోతే నేనూ చక్కగా కోట కట్టేసేవాణ్ణి.

అడిగేవాళ్లు లేకపోవడం అన్నానే, అది చిన్న విషయం కాదు. ఒకప్పుడు నేను పనిచేసిన ఆఫీసులో ‘ఆట గంట’ పెట్టారు. శుక్రవారం మూడింటికి రంగు దిళ్ల మీద కూర్చుని బొమ్మల ముక్కలు పేర్చాలి, నాలుగింటికి ఏం నేర్చుకున్నామో ఫారం నింపాలి. మూడూ పదికల్లా అందరూ ఫారంలో ఏం రాయాలా అని టెన్షన్ పడుతుండేవాళ్లు.

ఆట ముందు, పని తర్వాత అని కూడా రాశావు. ఎప్పుడూ అలాగే జరగదు. అమెరికన్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు 1942లో అమెరికా నౌకాదళం కోసం, విరిగిన కాళ్లు కదలకుండా పట్టి ఉంచే ప్లైవుడ్ బద్దలు తయారుచేశారు. అది యుద్ధకాలపు పని, అందులో ఆట ఏముంది? కానీ ప్లైవుడ్ ఎంత వంగుతుందో, ఎక్కడ చిట్లుతుందో చేతికి తెలిసింది అలాంటి పనిలోనే. అదే ప్లైవుడ్‌తో 1945లో పిల్లల కోసం ఏనుగు బొమ్మ చేశారు. వాళ్లకు పేరు తెచ్చిన కుర్చీలూ ఆ రోజులవే. పని వచ్చిన చెయ్యి ఎలా ఆడుతుందో కూడా రాయి. ఆ సంగతి చాలామంది వదిలేస్తారు.

మందు సీసా మీద మోతాదు అంకెల దగ్గర ఆటలేమిటి అని ఎవరైనా అడుగుతారు. నిజమే. చిత్తుప్రతిలో పది రకాలుగా ఆడుకోవచ్చు, అచ్చుకు వెళ్లేది మాత్రం తప్పు చదవడానికి వీల్లేకుండా ఉండాలి. దీనికి ఒక పేరా చాలు, పేజీ వద్దు.

ఇప్పుడు నీకో షరతు. ‘ఆట’ అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా మళ్లీ రాసి పంపు. శీర్షికలో కూడా వద్దు.

మూడు పేజీలు గుర్తులు పెట్టి ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. రెండో పేజీ మాత్రం రాదు. అది నిలువు మడతతో నా బల్ల మీద నిలబడి ఉంది.